ఓబీ గుట్ట మీద స్థానిక పొదలు నిలబెట్టడం: తంగేడు, బందారు, కలివి ఎక్కడ, ఎలా, ఎన్ని

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఉత్తర తెలంగాణ బొగ్గు బెల్టులో పాత ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు తీయడానికి పైనుంచి తవ్వి పోసిన రాయి, మట్టి) గుట్ట, పైన చదును చేసిన జాగా 4 హెక్టార్లు. మట్టి పోయడం ఆగి రెండేళ్లయింది. నిరుడు వేప, కానుగ సంచి మొక్కలు నాటితే ఎండాకాలం దాటేసరికి సగానికి పైగా పోయాయి. ఈసారి స్థానిక పొద జాతులు పెట్టమన్నారు. ఏవి పెట్టాలి, ఎన్ని పెట్టాలి, విత్తన బంతులు (మట్టిలో చుట్టిన గింజల ఉండలు) పనికొస్తాయా, ట్యాంకర్ నీళ్లు ఎన్నాళ్లు పోయాలి?

ముందు సూటిగా జవాబు. తంగేడు, బందారు, వెంపలి, పరికి విత్తనం నేరుగా వేయండి. కలివి, నులితాడ, మంగ, వావిలి చిన్న మొక్కలుగా నాటండి. వరుసల్లో వద్దు, ఏడేసి చొప్పున గుంపులుగా పెట్టండి. గుంపుకు గుంపుకు 5 మీటర్ల దూరం ఉంటే హెక్టారుకు 400 గుంపులు, 2,800 స్థానాలు వస్తాయి. విత్తన బంతుల మీద డబ్బు పెట్టకండి. ట్యాంకర్ మొదటి ఎండాకాలం దాకానే, అదీ నాటిన మొక్కలకే. వీటన్నిటికన్నా ముందు రోహిణి కార్తె లోపల డోజర్ రిప్పర్‌తో (డోజర్ వెనక ఉండే ఇనుప కొక్కెంతో) నేలను కనీసం 60 సెంటీమీటర్ల లోతు చీల్చించండి. ఆ పని జరగకపోతే ఏ జాతి పెట్టినా నిరుటి కథే.

ఇక కారణాలు.

గోదావరి లోయలో బొగ్గు పొరలు ఉండేది బరాకార్ ఇసుకరాతి మధ్య. అందుకే ఇక్కడి ఓబీలో పెద్ద భాగం పగిలిన ఇసుకరాయే. దాంతో షేలు (పలకలుగా విడిపోయే మెత్తని రాయి), బంకమట్టి, అక్కడక్కడ నల్ల బొగ్గు షేలు కలిసి వస్తాయి. చూస్తే వదులు మట్టిలా కనిపిస్తుంది. కానీ చదును చేసిన పైభాగం మీద వంద టన్నుల డంపర్లు తిరిగి ఉంటాయి. పైన ఒక జానెడు గుల్ల, దాని కింద సిమెంటు గచ్చు లాంటి పొర. మీరు గడ్డపారతో తీసిన గుంత ఆ గచ్చులో తవ్విన తొట్టి లాంటిది. వానాకాలంలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి, ఎండాకాలంలో వేరు ఆ తొట్టి దాటి కిందికి పోలేక మొక్క మాడిపోతుంది. పోయిన వేప మొక్కలు రెండు మూడు పీకి చూడండి. వేర్లు సంచి ఆకారంలోనే చుట్టుకుని ఉంటే నేల బిగువు, ముదిరిన నర్సరీ మొక్క రెండూ కారణమే. నల్లగా మెత్తబడి వాసన వస్తుంటే నీళ్లు నిలిచాయి.

రిప్పర్ పెట్టే ముందు చిన్న పరీక్ష చేయండి. హెక్టారుకు నాలుగైదు చోట్ల 45 సెం.మీ. గుంత తీసి నిండా నీళ్లు పోయండి. మర్నాటికి కూడా నీళ్లు ఉంటే నేల బిగిసిపోయిందని లెక్క. అరగంటలో ఇంకిపోతే అక్కడ రాళ్లు ఎక్కువ, సన్నమట్టి తక్కువ. అలాంటి చోట చీల్చడం కన్నా మట్టి, పెంట చేర్చడం ముఖ్యం.

చీల్చేటప్పుడు గీతకు గీతకు మీటరు దూరం, వాలుకు అడ్డంగా, నేల పూర్తిగా ఎండి ఉన్నప్పుడు. తడి నేలలో రిప్పర్ దిగితే పగలగొట్టదు, గాడి పక్కలు నున్నగా పాముతుంది. చీల్చాక బాగా కనిపించాలని బ్లేడుతో చదును చేయించకండి. గడ్డలు, గుంతలు, ఎగుడుదిగుడు అలాగే ఉండనివ్వండి, విత్తనం, ఆకు, నీరు ఆగేది వాటిలోనే. ఆ తర్వాత ట్రాక్టరు కూడా ఒకే దారిన తిరగాలి. ఒక్క జాగ్రత్త: గుట్ట అంచు దాకా చీల్చకూడదు. అంచు దగ్గర నీరు లోపలికి ఇంకితే వాలు జారుతుంది. ఎన్ని మీటర్లు వదలాలో గని సర్వే వాళ్లతో, సేఫ్టీ ఆఫీసరుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. కందకాలకు కూడా ఇదే లెక్క.

మట్టి పరీక్షలో ఒక మోసం ఉంది. ఓబీ నమూనాలో సేంద్రియ కర్బనం ఒక శాతం, ఒకటిన్నర శాతం అని రిపోర్టు వస్తుంది. అది చూసి నేల బాగుందనుకుంటారు. మామూలు ప్రయోగశాల పద్ధతిలో నమూనాలో ఉన్న బొగ్గు పొడి కూడా కొంత కర్బనంగా లెక్కలోకి వస్తుంది. మొక్కకు అది తిండి కాదు. కాబట్టి కర్బనం అంకెను వదిలేసి లభ్య నత్రజని, లభ్య భాస్వరం చూడండి, ఆ రెండూ ఓబీలో దాదాపు ఎప్పుడూ అడుగంటే ఉంటాయి. దాంతోపాటు పీహెచ్, లవణాలు, 2 మి.మీ. జల్లెడ మీద మిగిలే రాళ్ల శాతం రాయించుకోండి. రాళ్లు బరువులో సగం దాటితే ఆ చోట నీరు నిలుపుకునే శక్తి కూడా సగమే.

పీహెచ్ 5.5 నుంచి 8 మధ్య ఉంటే పొదలకు ఇబ్బంది లేదు. నల్ల షేలు ఉన్న చోట మాత్రం విడిగా నమూనా తీయండి. అందులో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే గాలి, నీరు తగిలి ఏళ్ల తరబడి ఆమ్లం పుడుతూనే ఉంటుంది. ఇవాళ 6 ఉన్న పీహెచ్ కొన్నేళ్లలో 4 కిందికి దిగొచ్చు. ప్రయోగశాలలో పైరైట్ గంధకం శాతం అడగండి. ఒక శాతం గంధకానికి వెయ్యి టన్నుల మట్టికి 31 టన్నుల సున్నపురాయి పొడి కావాలని పద్ధతి. హెక్టారులో 15 సెం.మీ. మందం పొర రెండు వేల టన్నులకు పైనే ఉంటుంది, అంటే 60 టన్నులు దాటుతుంది. అంత ఖర్చు పెట్టే బదులు ఆ మచ్చలను మంచి బంకమట్టితో కప్పించి, పొదలు వాటి చుట్టూ పెట్టడం మేలు. వాన వెలిశాక ఎక్కడైనా నేల నుంచి ఆవిరి లేస్తున్నా, గంధకం వాసన వస్తున్నా అక్కడ లోపల బొగ్గు రాజుకుంటోంది. ఆ చోట ఏదీ నాటొద్దు, మనుషుల్ని కూడా పంపొద్దు. ముందు గని వాళ్లు దాన్ని ఆర్పి కప్పాలి.

పైమట్టి విషయానికొస్తే, అందరూ చేసే పొరపాటు ఉన్న కొద్ది మట్టిని అంతటా పలచగా చల్లడం. లెక్క చూడండి. 4 హెక్టార్ల మీద 15 సెం.మీ. మందం అంటే 6,000 ఘనపు మీటర్లు. 6 ఘనపు మీటర్ల టిప్పరు వెయ్యి ట్రిప్పులు తిరగాలి. అంత మట్టి ఉంటే భేషుగ్గా పరవండి. లేకపోతే 3 సెంటీమీటర్లు చల్లి మొదటి వానకు కొట్టుకుపోనిచ్చే కన్నా గుంతల్లోకే పెట్టండి. గుంపుకు 3 మొక్కలు, 4 విత్తన స్థానాలు అనుకుంటే 4 హెక్టార్లకు 4,800 మొక్కలు, 6,400 విత్తన స్థానాలు. మొక్క గుంత 45 సెం.మీ. ఘనం, అందులో సగం పైమట్టి, విత్తన స్థానానికి 5 లీటర్లు. మొత్తం 250 ఘనపు మీటర్లు, అంటే 42 ట్రిప్పులు. వెయ్యికీ నలభై రెండుకీ తేడా చూశారుగా.

ఆ మట్టి ఎక్కడిదన్నది కూడా చూడాలి. ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్ప పోసిన పైమట్టిలో లోపలి భాగం గాలాడక చచ్చిపోయి ఉంటుంది, విత్తనాలు గానీ వేరుతో కలిసి బతికే శిలీంధ్రాలు గానీ మిగలవు. కొత్తగా తవ్వబోయే వైపు అడవి నేల నుంచి పై 10 సెంటీమీటర్లు గీసి నేరుగా తేగలిగితే అంతకు మించింది లేదు. తంగేడు, వెంపలి, గడ్డి విత్తనాలు దానిలోనే వస్తాయి. రోడ్డు పక్క మట్టి, చెరువు గట్టు మట్టి తెస్తే మాత్రం వయ్యారిభామ కలుపు కూడా వెంట వస్తుంది.

జాతులు, ఒక్కొక్కదాని పని

తంగేడు ఇలాంటి నేలకు పుట్టినట్టు ఉంటుంది. ఎండకు ఆగుతుంది, పశువులు, మేకలు పెద్దగా ముట్టవు, నేరుగా విత్తితే మొలుస్తుంది. చిక్కుడు జాతి కాబట్టి నేలకు నత్రజని ఇస్తుందని చాలామంది రాస్తారు. ఇవ్వదు, దాని వేర్లకు నత్రజని పట్టే బాక్టీరియా ఉండే బుడిపెలు రావు. ఆ పని వెంపలిది, నీలిది. అందుకే ప్రతి గుంపులో వెంపలి ఉండాలి. అది రెండు మూడేళ్లు బతికి, ఆకు రాల్చి, మిగతా వాటికి నేల తయారుచేసి పోతుంది. పోయిందని కంగారు పడకండి.

బందారు గాలి కొట్టే, దక్షిణం పడమర ఎండ పడే వైపులకు. ఆకు మీద జిగురు ఉంటుంది కాబట్టి మేక తినదు. రాళ్ల నేలలో తంగేడు కన్నా ఇదే మొండిది.

కలివి, పరికి, గొట్టి ముళ్ల పొదలు. ఎదుగుదల నిదానం, రెండేళ్లు అసలు ఉన్నాయా అన్నట్టు ఉంటాయి. కానీ పళ్లు కాయడం మొదలయ్యాక పిట్టలు వస్తాయి, పిట్టలతో మీరు నాటని జాతులు వస్తాయి. మూడో ఏడు ఆ ముళ్ల మధ్య మోదుగో నెమలినారో పెడితే కంచె లేకుండానే బతుకుతుంది. గుంపులుగా పెట్టమనడానికి అసలు కారణం ఇది. ఒంటరిగా వరుసలో నిలబడ్డ కలివి మొక్క ఏ పనికీ రాదు.

వావిలి నీటి దారుల వెంట, చదునులో నీరు చేరే పల్లాల్లో పెట్టండి. కొమ్మ పెన్సిలంత లావు, జానెడు పొడవు కోసి ఫిబ్రవరిలోనే సంచుల్లో పెడితే జూన్‌కు మొక్క తయారు. నులితాడ, మంగ, బిక్కి తూర్పు, ఉత్తరం వైపు, కాస్త నీడ, మంచి మట్టి ఉన్న చోటికి. జిల్లేడును పెట్టక్కర్లేదు, పిలవకపోయినా వస్తుంది.

సీతాఫలం గురించి తప్పకుండా అడుగుతారు. మన అడవుల్లో కలిసిపోయింది గానీ అది అమెరికా ఖండం చెట్టు. ఊరి వాళ్లు కావాలంటే అంచున రెండు వరుసలు పెట్టండి, స్థానిక జాతుల లెక్కలో రాయకండి. సుబాబుల్, సర్కారు తుమ్మ ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మొదటి రెండేళ్లు పచ్చగా కనిపిస్తాయి, అయిదో ఏట వాటి కింద ఇంకేదీ మిగలదు.

విత్తనం: సేకరణ, గట్టి పెంకు విప్పడం

కొనడం కన్నా 20, 30 కిలోమీటర్ల లోపు గుట్టల నుంచి సేకరించడం మంచిది. వెంపలి కాయలు అక్టోబరు నుంచి డిసెంబరు, తంగేడు, బందారు డిసెంబరు నుంచి మార్చి, రేగు జాతులు (పరికి, గొట్టి) చలికాలం. ఒకే పొద నుంచి కాకుండా ఇరవై ముప్పై పొదల నుంచి కొంచెం కొంచెం తీయండి. కలివి పండేది ఎండాకాలం చివర. దాని విత్తనం నిల్వ ఉండదు, పండు పిసికి కడిగి వారం లోపు నర్సరీలో విత్తాలి. అంటే ఈ జూన్‌కు నాటే కలివి మొక్కలు నిరుడు విత్తినవి కావాలి. చుట్టుపక్కల నర్సరీల్లో చెట్ల మొక్కలే ఉంటాయి, హరితహారం రోజుల నుంచీ అంతే. మిగతా పొద మొక్కలు కావాలంటే నవంబరులోనే మాట్లాడుకుని మీ విత్తనం మీరే ఇచ్చి పెంచమనండి.

విత్తనం ఎంత కావాలని కిలోల్లో అడక్కండి. పది గ్రాములు తూచి గింజలు లెక్కపెట్టండి. యాభై గింజలు బ్లేడుతో కోసి లోపల తెల్లగా గట్టిగా ఉన్నవి ఎన్నో చూడండి. స్థానానికి 5 మంచి గింజలు, 6,400 స్థానాలు, అంటే 32,000 మంచి గింజలు. కోత పరీక్షలో నూటికి 70 బాగుంటే 46,000 గింజలు తేవాలి. అక్కడి నుంచి కిలోలు మీకే తెలుస్తాయి.

తంగేడు, బందారు, నులితాడ పెంకు నీరు తాగదు. నీళ్లు మరిగించి పొయ్యి దించి 80 డిగ్రీలకు దిగేదాకా ఆగండి. గింజలకు అయిదు రెట్లు నీరు ఉండేలా అందులో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఉబ్బినవి వేరు చేసి, ఉబ్బనివి మళ్లీ ఒకసారి అలాగే చేయండి. గింజలు నీళ్లలో ఉండగా మరగబెట్టకూడదు, చస్తాయి. వెంపలి, నీలి చిన్న గింజలు. గరుకు ఇసుకతో రోట్లో మెల్లగా నూరితే చాలు. రేగు జాతుల టెంక సుత్తితో పగలగొట్టి లోపలి పప్పు తీయాలి, దెబ్బ తగిలిన పప్పు పారేయండి.

ఒక పని మాత్రం మరవద్దు: మూడో వంతు విత్తనానికి ఏ చికిత్సా చేయకుండా అలాగే కలపండి. మృగశిరలో ఒక మంచి వాన పడి, తర్వాత ఇరవై రోజులు మొహం చాటేయడం మన దగ్గర మామూలే. చికిత్స చేసిన గింజలన్నీ ఒకేసారి మొలిచి ఎండిపోతాయి. చేయనివి ఆరుద్రలోనో, పుష్యమిలోనో, వచ్చే ఏడో మొలుస్తాయి.

విత్తన బంతులు ఎందుకు వద్దన్నానంటే, గట్టి నేల మీద పడిన బంతిలో గింజ మొలుస్తుంది, వేరు కిందికి దిగే దారి దొరకదు, మూడో రోజు ఎండకు పోతుంది. కొన్ని చీమలు మోసుకుపోతాయి. రిప్పర్ గాడిలో పడ్డ బంతికి అవకాశం ఉంది. కానీ గాడి ఉన్నప్పుడు బంతి ఎందుకు, గింజే వేయొచ్చు. ఫోటోలకు తప్ప వాటితో లాభం తక్కువ.

నాటే పని

గుంతలు ఏప్రిల్, మే నెలల్లో తీసి ఎండనివ్వండి. ఒక్కో మొక్క గుంతకు పైమట్టి సగం, బాగా మాగిన పశువుల పెంట 2 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 50 గ్రాములు, వేపపిండి 50 గ్రాములు, మిగతాది అదే గుంతలో తీసిన మట్టి పెద్ద రాళ్లు ఏరేసి. యూరియా వేయొద్దు, కలుపు దాన్ని ముందు తింటుంది. పెంట పచ్చిదైతే రెండు నష్టాలు: చెదలు వస్తాయి, మేకల పెంటలో సర్కారు తుమ్మ గింజలు అరగకుండా వస్తాయి. మీరే మీ చేత్తో ఆ చెట్టు నాటినట్టు.

మొక్క వయసు 4 నుంచి 6 నెలలు (కలివి ఒక్కటే ఏడాది మొక్క), ఎత్తు అడుగు, అడుగున్నర. నడుమెత్తు మొక్క చూడ్డానికి బాగుంటుంది గానీ ఇక్కడ బతకదు, ఆకు ఎక్కువ, వేరు తక్కువ. నర్సరీలో చివరి మూడు వారాలు నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేయాలి, సంచులు జరిపి కిందికి దిగిన వేర్లు తెంచాలి. సంచి మట్టిలో పాత కలివి, వెంపలి పొదల కింది మట్టి గుప్పెడు కలిపితే వేరు శిలీంధ్రాలు, బుడిపెల బాక్టీరియా ఊరికే దొరుకుతాయి.

విత్తనం మొదటి గట్టి వానతోనే. మొక్కలు నేల 30 సెం.మీ. లోతు తడిశాకే, రెండు మూడు వానల్లో కలిపి 60, 70 మి.మీ. పడితే ఆ తడి దిగుతుంది. చేత్తో తవ్వి చూసుకోండి. మామూలు ఏడాదిలో ఆరుద్ర, పునర్వసు కార్తెలు సరైన అదను. ఆశ్లేష దాటితే నాటడం ఆపేయండి, మిగిలిన మొక్కలు నర్సరీలోనే ఉంచండి. ఆగస్టు చివర నాటిన మొక్క ఎండాకాలానికి వేరు దించుకోలేదు.

గింజ లోతు దాని మందానికి రెండింతలు, అంతే. గుంపు దిగువన అర్ధచంద్రాకారంలో జానెడు ఎత్తు మట్టి కట్ట. మొక్క చుట్టూ లేత రంగు ఇసుకరాళ్లు పేర్చండి, తడి ఆరదు, గడ్డి లేవదు, రాళ్లు అక్కడే ఉన్నాయి. నల్ల షేలు రాళ్లు పెట్టకండి, మే నెల మధ్యాహ్నం అవి పెనంలా కాలి కాండాన్ని మాడుస్తాయి.

గుంపుల మధ్య ఖాళీకి గడ్డి కావాలి. గనుల నేలలో మళ్లీ గడ్డి మొలిపించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక గనుల పర్యావరణ అనుమతి పత్రాల్లో కూడా ఆ షరతు చేరింది. ఆంజన్ గడ్డి, స్థానిక గడ్డి గింజలతో పాటు హెక్టారుకు ఉలవలు 8 కిలోలు, జనుము 10 కిలోలు చాలు. పొలంలో పచ్చిరొట్టకు చల్లినట్టు నిండుగా చల్లితే సెప్టెంబరుకల్లా చిన్న పొదలు దాని నీడలో పాలిపోతాయి. గుంపు చుట్టూ అర మీటరు ఖాళీ ఉంచండి. జనుము పూతకు రాగానే కోసి అక్కడే పరవండి.

మీరు చదును గురించే అడిగారు కాబట్టి వాలు గురించి రెండు మాటలే. అనుమతుల్లో గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటొద్దని మామూలుగా ఉంటుంది. ఆ వాలు మీద 45 సెం.మీ. గుంతలు తీయకూడదు, ప్రతి గుంతా ఒక కోతకు మొదలవుతుంది. గింజలు చల్లి, పైన కొబ్బరి పీచు వల పరిచి, పై అంచున అడుగు లోతు కాలువలో వల కొసను పూడ్చి, మీటరుకో మేకు కొట్టాలి. వాలు పనికంటే ముందు పైన పడ్డ వాననీరు వాలు మీదికి రాకుండా లోపలి వైపు కాలువలోకి మళ్లాలి. అది లేకుండా వల పరిస్తే ఒక్క గట్టి వానకు వలతో సహా కిందికి వస్తుంది. కాలువ ఒడ్డులకు వట్టివేరు.

నీళ్లు. విత్తి మొలిచిన వాటికి అసలు వద్దు. మొదటి నెలలో నీళ్లకు అలవాటు పడితే వేరు పైపైనే తిరుగుతుంది. నాటిన మొక్కలకు జులైలో పది పన్నెండు రోజులు వాన లేకపోతే 5 లీటర్లు. తర్వాత ఫిబ్రవరి నుంచి మే చివరి దాకా పదిహేను రోజులకోసారి 8 నుంచి 10 లీటర్లు, ఒకేసారి, నిదానంగా. రోజూ చెంబెడు పోయడం దండగ. 4,800 మొక్కలకు 10 లీటర్ల చొప్పున ఒక తడికి 48,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు పది. ఎనిమిది తడులకు 80 ట్యాంకర్లు, టెండరులో ఇది ముందే రాయండి. గని నీళ్లు వాడితే ఒకసారి పరీక్ష చేయించండి, లవణాలు మీటరుకు 2 డెసీసీమెన్స్ దాటితే చిన్న మొక్కలకు వాడొద్దు. రెండో ఎండాకాలం నీళ్లు ఆపేయాలి. అప్పటికీ నీళ్లు అడిగే మొక్క ఆ చోటిది కాదు.

మేకలు, గొర్రెలు. తంగేడు, బందారు, వావిలి వాటికి నచ్చవు గానీ కలివి, రేగు లేత చిగురు వదలవు. చుట్టూ కంచె వేస్తే కాపరులు రెండు నెలల్లో తెంపేస్తారు, ఎందుకంటే అది వాళ్ల పాత మేత దారి. గొల్ల కురుమ పెద్దలతో ముందే కూర్చుని ఒక దారి వదిలేయండి, మూడేళ్లు తోలకుండా ఉండటానికి బదులు గడ్డి కోసుకుపోయే హక్కు ఇవ్వండి. డిసెంబరు, జనవరిలో గడ్డి కోతైతే ఫిబ్రవరి నుంచి నిప్పు భయం కూడా సగం తగ్గుతుంది. మిగతా సగానికి చుట్టూ 3, 4 మీటర్ల వెడల్పు గీసిన బాట. బతుకమ్మకు తంగేడు పూల కోసం వస్తారు, రానివ్వండి, పూలు కోస్తే పొదకు నష్టం లేదు. కొమ్మలు విరవకుండా ఊరి దగ్గరి అంచున కొన్ని తంగేడు గుంపులు ఎక్కువగా పెడితే లోపలివి గింజకు మిగులుతాయి.

కలుపు విషయంలో తొలి రెండేళ్లే కీలకం. వయ్యారిభామ పూతకు ముందు పీకాలి. తలంబ్రాల చెట్టు (లాంటానా), సర్కారు తుమ్మ మొలకలు మొదటి వానాకాలంలోనే తడి నేలలో వేరుతో వస్తాయి. ఏడాది దాటిన సర్కారు తుమ్మను నేల మీద కోస్తే పది కొమ్మలు వేస్తుంది, నేల కింద జానెడు లోతులో నరకాలి.

లెక్క ఎలా చూడాలి? హెక్టారుకు అయిదు చోట్ల 10 మీటర్లకు 10 మీటర్ల చదరాలు రాళ్లతో గుర్తు పెట్టి అక్టోబరు, ఫిబ్రవరి, జూన్‌లో లెక్కపెట్టండి. మొదటి ఎండాకాలం తర్వాత నాటిన వాటిలో నూటికి 60, 70, విత్తన స్థానాల్లో మూడింట ఒకటి బతికి ఉంటే నేను బాగుందనే అంటాను. అక్టోబరు లెక్కకే బాగా తగ్గితే నేల బిగువు లేదా నీరు నిలవడం. ఫిబ్రవరి దాకా బాగుండి జూన్‌లో పడిపోతే వేరు దిగలేదు. ఆకులన్నీ పాలిపోతే నత్రజని లోటు, కింది ఆకులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం లోటు, ఆకు అంచులు మాత్రమే మాడితే లవణాలు లేదా వడగాలి.

బిల్లు దగ్గర గొడవ రాకుండా ఒక మాట. అనుమతి పత్రాల్లో హెక్టారుకు 2,500 మొక్కలని తరచుగా రాస్తారు, అదీ చెట్లని. మీ పత్రంలో ఏముందో చదివి, గుంపుల పద్ధతిని, విత్తన స్థానాలను కూడా లెక్కలోకి తీసుకుంటారా అని పని మొదలుపెట్టక ముందే రాయించుకోండి. ప్రతి గుంపు నడుమ సున్నం పూసిన రాయి ఒకటి పెట్టించండి. కొలత పుస్తకం పట్టుకొచ్చిన ఆయనకు అక్టోబరు గడ్డిలో జానెడు కలివి మొక్క కనిపించదు, రాయి కనిపిస్తుంది.